కారు జాతకం: పదిహేడు గళ్ళ కథ

పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు ఇంటిపేరు, గోత్రం, పుట్టిన ఊరు, పుట్టిన తేదీ అన్నీ కనుక్కుంటాం. అమెరికాలో దిగిన రెండోవారంలో పాత కారు కొనేటప్పుడు మాత్రం రంగు, మైళ్ళు, ధర చూసి చెక్కు రాసేస్తాం. అమ్మేది తెలుగువాళ్ళయితే ఆ మూడు కూడా సరిగ్గా చూడం. "మనవాళ్ళే కదా" అన్న ఒక్క మాట మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబైపోతుంది.

నిజానికి కారుకీ ఇంటిపేరు, పుట్టిన ఊరు, పుట్టిన సంవత్సరం ఉంటాయి. అన్నీ పదిహేడు గళ్ళలో రాసి ముందు అద్దం కిందే పెట్టి ఉంటాయి. దాన్ని వెహికిల్ ఐడెంటిఫికేషన్ నంబర్ అంటారు, పొట్టిగా విన్. ("విన్ నంబరు" అంటే "ఏటీఎం మెషీన్" లాంటి పునరుక్తే. అయినా అందరూ అలాగే అంటారు, నేనూ అంటాను.)

ఈ నంబరు గురించి మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. నంబరు తప్పుల్లేకుండా రాశారా? ఈ నంబరు ఎదురుగా ఉన్న ఈ కారుదేనా? ఈ కారుకి ఇంతకుముందు ఏం జరిగింది? ఈ మూడూ వేరువేరు ప్రశ్నలు. దేని జవాబు దానికే. మొదటిదానికి వచ్చిన "అవును"ని మూడోదానికి కూడా వాడుకోవడం వల్లే ఎక్కువమంది చిక్కుల్లో పడతారు. మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఈ తేడా బాగా తెలుసు. ఫారంలో ఈమెయిల్ చిరునామా సరైన ఆకారంలో ఉందంటే ఆ మనిషి ఉన్నాడని కాదు కదా!

ఎక్కడ వెతకాలి?

మొదటి చోటు డాష్‌బోర్డు మీద, డ్రైవరు వైపు మూల. కారు బయట ఎడమవైపు స్తంభం పక్కన నిలబడితే అద్దంలోంచి చదవగలిగేలా ఉండాలని ఇక్కడి నిబంధన. రెండోది డ్రైవరు తలుపు తెరిస్తే తలుపు అంచున గానీ, ఎదురుగా ఉన్న స్తంభం మీద గానీ అతికించిన స్టిక్కరు. తయారైన నెల, సంవత్సరం కూడా అందులోనే ఉంటాయి. మూడోది టైటిల్ కాగితం. ఇవి కాక, దొంగలు ఎక్కువగా ఎత్తుకుపోయే మోడళ్ళకి బానెట్, తలుపులు, ఫెండర్లు వంటి విడిభాగాల మీద కూడా ఇదే నంబరు చిన్న స్టిక్కర్లుగా ఉంటుంది. 1984లో వచ్చిన చట్టం దీనికి మూలం. అలాంటి మోడలులో ఒక తలుపు మీద నంబరుకి బదులు ఆర్ అనే అక్షరం కనిపిస్తే ఆ తలుపు తర్వాత మార్చిందని అర్థం. మార్చడం నేరమేమీ కాదు గానీ, ఎందుకు మార్చారో అడగాలి.

ఇంకో చోటు కంటికి కనిపించదు. అది ఇంజన్ కంప్యూటరు జ్ఞాపకం. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కి చవకరకం బ్లూటూత్ అడాప్టరు తగిలించి 0902 అని ఆదేశం ఇవ్వండి. 09 అంటే వాహనం వివరాలు చెప్పే సేవ, 02 అంటే అందులో విన్. జవాబు 49 02 01తో మొదలవుతుంది, ఆ తర్వాత వచ్చే పదిహేడు బైట్లూ మామూలు ఆస్కీ అక్షరాలే. 31 కనిపిస్తే 1, 34 కనిపిస్తే 4. బాగా పాత కార్లు దీనికి జవాబు చెప్పకపోవచ్చు. చెప్పిన నంబరు డాష్‌బోర్డుతో కలవకపోతే ఆ కంప్యూటరు వేరే కారులోంచి తెచ్చి పెట్టిందన్నమాట. మళ్ళీ అదే ప్రశ్న: ఎందుకు?

గళ్ళలో ఏముంది?

అమెరికాలో 1981 మోడలుకి ముందు ఎవరి నంబర్లు వారివి, ఎవరి పొడుగు వారిది. 1981 నుంచి అందరికీ పదిహేడే. ఇంగ్లీషు అక్షరాల్లో ఐ, ఓ, క్యూ వాడరు. ఒకటితోనూ సున్నాతోనూ కలిసిపోతాయని.

ఉదాహరణకి ఒక నంబరు తయారుచేసుకుందాం: 4, టి, 1, బి, ఎఫ్, 1, ఎఫ్, కె, 0, సి, యు, ఆ తర్వాత ఆరు సున్నాలు. చివరి ఆరు గళ్ళు వరస సంఖ్య. అన్నీ సున్నాలు పెట్టాను కాబట్టి ఇది ఎవరి కారు నంబరూ కాదు.

మొదటి మూడు గళ్ళు ఇంటిపేరు. అందులో మొదటిది దేశం: 1, 4, 5 అమెరికా, ఈమధ్య 7 కూడా. 2 కెనడా, 3 మెక్సికో, జె జపాన్, కె కొరియా, డబ్ల్యు జర్మనీ. కాబట్టి మన ఉదాహరణలోది జపాన్ కంపెనీ కారే అయినా పుట్టింది అమెరికాలో. 4, టి, 1 అంటే టొయోటా. నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న గళ్ళు మోడలు, ఇంజను, బాడీ వగైరా. వీటి అర్థం కంపెనీ కంపెనీకీ మారుతుంది, బట్టీపట్టి లాభం లేదు. ఇక్కడ నాలుగు సిలిండర్ల కామ్రీ. తొమ్మిదోది తనిఖీ అంకె, దాని సంగతి వివరంగా చూద్దాం. పదోది మోడలు సంవత్సరం. పదకొండోది ఫ్యాక్టరీ, టొయోటా వారి యు అంటే కెంటకీ రాష్ట్రంలోని జార్జ్‌టౌన్.

సంవత్సరం గడి గురించి ఒక ముచ్చట చెప్పాలి. ఒకే గడిలో సంవత్సరం ఇరికించాలి కదా, 1980కి ఏ, 1981కి బి, అలా కొన్ని అక్షరాలు వదిలేస్తూ 2000కి వై దాకా వచ్చారు. 2001 నుంచి 2009 దాకా 1 నుంచి 9 అంకెలు. మరి 2010కి? మళ్ళీ ఏ. అంటే ముప్ఫై ఏళ్ళకి చక్రం తిరిగొస్తుంది. వైటూకే పుణ్యమా అని ఈ దేశం వచ్చినవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. ఇది కూడా ఆ జాతి సమస్యే. సి అంటే 1982 కావచ్చు, 2012 కావచ్చు. దీనికి 2008లో ఒక మాటు వేశారు: కార్లకీ, చిన్న ట్రక్కులకీ ఏడో గడిలో అంకె ఉంటే పాత చక్రం, అక్షరం ఉంటే కొత్త చక్రం. మన నంబరులో ఏడోది ఎఫ్. కాబట్టి 2012. ఈ ఏర్పాటు 2039 మోడలు దాకా సరిపోతుంది. ఆ తర్వాత సంగతి మన పిల్లలు చూసుకుంటారు.

తనిఖీ అంకె లెక్క

తొమ్మిదో గడిలో ఉండేది సమాచారం కాదు, మిగతా పదహారు గళ్ళ మీద కాపలా. లెక్క ఇలా ఉంటుంది.

ముందు అక్షరాలని అంకెలుగా మార్చాలి. ఏ నుంచి హెచ్ దాకా 1 నుంచి 8. జె నుంచి ఎన్ దాకా 1 నుంచి 5, పి కి 7, ఆర్ కి 9. ఎస్ నుంచి జెడ్ దాకా 2 నుంచి 9. ఎస్ 1తో కాకుండా 2తో ఎందుకు మొదలైంది? మెయిన్‌ఫ్రేమ్ మీద పనిచేసినవాళ్ళు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. ఎబ్‌సిడిక్ సంకేతాల్లో ఏ అంటే సి1, జె అంటే డి1, ఎస్ అంటే ఇ2. ఆ హెక్స్ సంఖ్యల్లో రెండో అంకె ఒక్కటీ తీసుకుంటే ఈ పట్టిక మొత్తం వచ్చేస్తుంది. కోబాల్ మరిచిపోయినా ఇది మరిచిపోలేం.

తర్వాత ఒక్కో గడికీ ఒక్కో బరువు: వరసగా 8, 7, 6, 5, 4, 3, 2, 10, 0, 9, 8, 7, 6, 5, 4, 3, 2. తొమ్మిదో గడి బరువు సున్నా, ఎందుకంటే తనని తాను లెక్కపెట్టుకోకూడదు. విలువని బరువుతో గుణించి, అన్నీ కూడి, 11తో భాగిస్తే మిగిలే శేషమే తనిఖీ అంకె. శేషం 10 వస్తే ఎక్స్ అని రాస్తారు. పాత పది అంకెల ఐఎస్‌బీఎన్ చివర ఎక్స్ ఎక్కడి నుంచి వచ్చేదో, ఇదీ అక్కడి నుంచే.

మన నంబరుకి చేసి చూద్దాం. 4 ఎనిమిదులు 32. టి విలువ 3, ఏడుతో 21. 1 ఆరుతో 6. బి విలువ 2, అయిదుతో 10. ఎఫ్ విలువ 6, నాలుగుతో 24. 1 మూడుతో 3. మళ్ళీ ఎఫ్, రెండుతో 12. కె విలువ 2, పదితో 20. సి విలువ 3, తొమ్మిదితో 27. యు విలువ 4, ఎనిమిదితో 32. మిగతావి సున్నాలు. మొత్తం 187. పదకొండు పదిహేళ్ళు 187, శేషం సున్నా. తొమ్మిదో గడిలో ఉన్నదీ సున్నాయే. సరిపోయింది.

ఇప్పుడు తప్పు రాద్దాం. నాలుగో గడిలో బి ని 8 అనుకున్నాం. 10కి బదులు 40 వస్తుంది, మొత్తం 217, శేషం 8. దొరికిపోయింది. ఆరో గడినీ ఏడో గడినీ తారుమారు చేశాం అనుకోండి. 15 రావలసిన చోట 20 వస్తుంది, మొత్తం 192, శేషం 5. ఇదీ దొరికిపోయింది. కారణం తేలికే. 11 ప్రధాన సంఖ్య. రెండు విలువల మధ్య తేడా 9కి మించదు, తొమ్మిదో గడి సున్నా తప్ప మిగతా బరువులేవీ పదకొండుకి గుణిజాలు కావు, పక్కపక్క బరువుల తేడా కూడా పదకొండుకి గుణిజం కాదు. కాబట్టి మొత్తంలో వచ్చే మార్పు ఎప్పుడూ 11తో నిశ్శేషంగా పోదు. క్రెడిట్ కార్డుల్లో వాడే లూన్ పద్ధతి 09ని 90గా రాస్తే పట్టుకోలేదు. ఆ మాటకొస్తే మన ఆధార్ నంబరులో వాడే వెర్‌హాఫ్ పద్ధతి పక్కపక్క తారుమార్లన్నీ పట్టేస్తుంది, పైగా ఎక్స్ అవసరం లేకుండా.

అయితే ఈ కాపలాలో కన్నాలున్నాయి. బి, కె, ఎస్, 2 నాలుగింటికీ విలువ రెండే. ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే లెక్క మారదు. 5కీ, ఇ కీ, ఎన్ కీ, వి కీ కూడా అంతే. గుడ్డిగా ఏదో ఒక నంబరు రాసినా పదకొండింటిలో ఒకసారి నెగ్గిపోతుంది.

అన్నిటికంటే పెద్ద కన్నం ఇది: పదిహేడు గళ్ళలోనూ 1 రాయండి. బరువులన్నీ కూడితే 89. పదకొండు ఎనిమిదులు 88, శేషం 1. తొమ్మిదో గడిలో ఉన్నదీ ఒకటే!

ఇది కాగితం మీద చమత్కారం మాత్రమే కాదు. కొన్నేళ్ళ కిందట ఒక ఇన్సూరెన్సు కంపెనీ పాలసీల డేటాబేసు మార్చే పని మా బృందానికి వచ్చింది. పాత వ్యవస్థలో విన్ తనిఖీ శుభ్రంగా రాసి ఉంది, ఒక్క బగ్ లేదు. డేటా తెరిచి చూస్తే పదిహేడు ఒకట్ల కార్లు కుప్పలు తెప్పలు. ఫోన్‌లో అవతలి మనిషి దగ్గర నంబరు లేదు, ఇవతల ఉద్యోగి తెర దాటి ముందుకు పోవాలి. ఎవరో కనిపెట్టారు, పక్కవాళ్ళకి చెప్పారు. అందులో ఉద్యోగుల తప్పు తక్కువేనని నా అభిప్రాయం. "నంబరు ఇంకా తెలియదు" అని చెప్పడానికి ఆ తెర మీద ఒక గడి పెట్టి ఉంటే ఎవరూ ఒకట్లు కొట్టేవాళ్ళు కాదు. తనిఖీ అంకె చెయ్యి జారడాన్ని పట్టుకుంటుంది. కావాలని రాసినదాన్ని పట్టుకోవడం దాని పని కాదు, ఆ పని కోసం దాన్ని తయారుచెయ్యలేదు కూడా.

ఈ నంబరు ఈ కారుదేనా?

పార్కింగ్‌లో ఉన్న ఏ కారు నంబరైనా అద్దంలోంచి చదవచ్చు. దొంగకి కావలసిందీ అదే. అదే మోడలు, అదే రంగు ఉన్న మంచి కారు నంబరు రాసుకొచ్చి ఎత్తుకొచ్చిన కారుకి తగిలిస్తాడు. ఆ నంబరు నిజమైనదే. లెక్క సరిపోతుంది, చరిత్ర కూడా శుభ్రంగా ఉంటుంది, ఎందుకంటే అది వేరే కారు చరిత్ర. ఇక్కడ విన్ పలక మార్చడం ఫెడరల్ నేరం, అయిదేళ్ళ దాకా జైలు. అయినా జరుగుతూనే ఉంటుంది.

దీనికి మందు చేత్తో చేసే పనే. డాష్‌బోర్డు, తలుపు స్టిక్కరు, టైటిల్, ఓబీడీ నాలుగూ ఒకటేనా చూడాలి. స్టిక్కరు అంచులు లేచి ఉన్నా, పలక మేకుల దగ్గర గీతలున్నా ఆగాలి. తర్వాత ఎన్.హెచ్.టి.ఎస్.ఏ. అనే రహదారి భద్రతా సంస్థ వారి సైటులో ఉన్న ఉచిత డీకోడరులో నంబరు వెయ్యాలి. ఇంజను పరిమాణం, తలుపులు, ఫ్యాక్టరీ అన్నీ చెబుతుంది. దానికి ఏపీఐ కూడా ఉంది, ఉత్సాహం ఉన్నవాళ్ళు ప్రోగ్రాము రాసుకోవచ్చు. నాలుగు సిలిండర్లని అది చెప్పి, బానెట్ కింద ఆరు కనిపిస్తే ఇంక మాటలనవసరం.

మన ఊళ్ళో దీనికి ఇంకా మంచి పద్ధతి ఉంది. ఛాసిస్ మీద చెక్కిన నంబరు పైన కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీస్తారు. లోహం మీద ఏం ఉందో అదే కాగితం మీదికి వస్తుంది, మధ్యలో ఎవరూ టైపు చెయ్యరు. అన్నట్టు, హైదరాబాదులో నాన్నగారికి కొంటున్న కారు ఛాసిస్ నంబరుకి పై లెక్క కట్టి కంగారుపడకండి. తొమ్మిదో గడి లెక్క అమెరికా, కెనడా నిబంధన. ఐరోపాలో తప్పనిసరి కాదు, ఇండియా నంబర్లలో చాలావాటికి కుదరదు. అంతమాత్రాన అవి దొంగ నంబర్లు కావు.

ఏం జరిగింది?

2019లో మా ప్రాజెక్టులోకి కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు 2014 అకార్డ్ చూసుకున్నాడు. ధర 8,500 డాలర్లు, అందులో సగం వాళ్ళ బాబాయి కొడుకు దగ్గర అప్పు. "అన్నా, క్లీన్ టైటిల్, మనవాళ్ళే, రేపు డబ్బు ఇచ్చేస్తున్నా" అన్నాడు. ఫోటోలు తెప్పించమన్నాను. నంబర్లన్నీ కలిశాయి. తనిఖీ అంకె సరే. డీకోడరు చెప్పినదీ కారూ ఒకటే. నేషనల్ ఇన్సూరెన్స్ క్రైమ్ బ్యూరో వారి విన్‌చెక్‌లో దొంగకారు అని రాలేదు. అది ఉచితం, రోజుకి అయిదుసార్లు వెతకనిస్తారు. కానీ అందులో ఉండేది సభ్యులైన ఇన్సూరెన్సు కంపెనీల సమాచారమే.

"ఇంక చాలు కదన్నా?" అన్నాడు. కొద్ది డాలర్లు పెట్టి జాతీయ టైటిల్ సమాచార వ్యవస్థ నివేదిక తీయించాం. 1992 నాటి కారు దొంగతనాల నిరోధక చట్టం కింద పుట్టిన వ్యవస్థ ఇది, జనానికి 2009లో అందుబాటులోకి వచ్చింది. రాష్ట్రాల రవాణా శాఖలు, ఇన్సూరెన్సు కంపెనీలు, తుక్కు యార్డులు దీనికి సమాచారం ఇస్తాయి. నివేదికలో మూడు వరసలున్నాయి. 2017 అక్టోబరు, టెక్సాస్, వరదలో మునిగిన సాల్వేజ్ టైటిల్. తర్వాత ఇంకో రాష్ట్రం. ఆ తర్వాత మూడో రాష్ట్రం, టైటిల్ మీద ఏ ముద్రా లేదు. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను హ్యూస్టన్‌ని ముంచెత్తిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

దీన్ని ఇక్కడ టైటిల్ వాషింగ్ అంటారు. ఏ ముద్ర వెయ్యాలి, పక్క రాష్ట్రం ముద్రని ఎలా రాసుకోవాలి అన్నది రాష్ట్రానికో తీరు. ఆ సందుల్లోంచి కారు తిరిగొచ్చేసరికి ముద్ర రాలిపోతుంది. కాగితం దొంగ కాగితం కాదు, ప్రభుత్వం ఇచ్చిందే. అయినా అది చెప్పేది ఆఖరి రాష్ట్రం సంగతి మాత్రమే.

ఇద్దరం వెళ్ళి కారు చూశాం. లోపల కొత్త కారు వాసన. సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగితే కింది భాగంలో మట్టిరంగు చార. సీటు కింద పట్టాలకి తుప్పు. అమ్మే ఆయన ముఖం పాలిపోయింది. "నాకు అమ్మినప్పుడు కూడా క్లీన్ టైటిలే ఇచ్చారండీ" అన్నాడు. అబద్ధమాడాడని నేననుకోను. ఆయన మనవాడే, మంచివాడే. ఆయనకి కారు చరిత్ర తెలియదు, అంతే. కుర్రాడు కొనలేదు. ఆ నెలంతా ఆఫీసుకి బస్సులో వచ్చాడు.

ఈ నివేదికకీ హద్దులున్నాయి. ఎవరూ ఫిర్యాదు చెయ్యని ప్రమాదం, ఇన్సూరెన్సు లేని వరద కారు ఏ డేటాబేసులోనూ ఉండవు. మరమ్మతుల చరిత్ర ఇందులో ఉండదు, దానికి ఎక్కువ ధర తీసుకునే కార్‌ఫ్యాక్స్ వంటివి కొంత నయం. అవీ తమకి చేరినదే చెబుతాయి. కాబట్టి ఒక మెకానిక్‌కి డబ్బిచ్చి కారు లిఫ్టు మీదకి ఎక్కించి చూపించడం దండగ ఖర్చు కాదు. "మెకానిక్‌కి చూపించడం కుదరదు" అని అమ్మేవాళ్ళు అంటే ఆ మాటే జవాబు.

రీకాల్స్

పాత కారు కొనే ఉద్దేశం లేనివాళ్ళకి కూడా పనికొచ్చేది ఇది. ఎన్.హెచ్.టి.ఎస్.ఏ. సైటులో విన్ ఇస్తే ఆ కారుకి ఇంకా చేయించని రీకాల్ ఏదైనా ఉందేమో చెబుతుంది. 2014 నుంచి ఈ సౌకర్యం ఉంది. మోడలు పేరుతో వెతికితే ఆ మోడలుకి వచ్చిన రీకాల్స్ అన్నీ వస్తాయి, మీ కారుకి చేశారో లేదో తెలియదు. విన్‌తో వెతికితేనే మీ కారు సంగతి తెలుస్తుంది.

టకాటా ఎయిర్‌బ్యాగుల కథ విన్నారు కదా. తేమకీ వేడికీ లోపలి రసాయనం పాడై, చిన్న ప్రమాదంలో కూడా ఇన్‌ఫ్లేటరు పేలి ఇనుప ముక్కలు డ్రైవరు మీదికి వస్తాయి. అమెరికాలోనే 20 మందికి పైగా చనిపోయారు. దాదాపు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు వెనక్కి పిలిచారు. అన్నిటికంటే ప్రమాదమైనవి 2001 నుంచి 2003 దాకా వచ్చిన కొన్ని హోండా, అక్యూరా కార్లలోవి. వాటిలో ఇన్‌ఫ్లేటరు పగిలే అవకాశం సగానికి సగం దాకా ఉండవచ్చని ఆ సంస్థే ప్రకటించింది. రీకాల్ ఉత్తరాలు రిజిస్ట్రేషన్‌లో ఉన్న చిరునామాకి వెళతాయి. మనం ప్రాజెక్టు మారినప్పుడల్లా ఊరు మారుతాం. చేతులు మారిన కారయితే ఉత్తరం ఎవరింట్లో పడి ఉందో దేవుడికే తెలియాలి.

రీకాల్ తేలితే ఆ కంపెనీ డీలరుకి ఫోన్ చేసి విన్ చెప్పండి. కారు మీరు ఎవరి దగ్గర కొన్నా, ఎన్నో చేతిలో ఉన్నా, ఎయిర్‌బ్యాగు మార్చడానికి డబ్బు తీసుకోరు. ఫోన్‌లో చెప్పేటప్పుడు మాత్రం బి ని బాయ్ అని, డి ని డాగ్ అని విడమరిచి చెప్పండి, మన ఉచ్చారణలో ఆ రెండూ అవతలివాళ్ళకి ఒకేలా వినిపిస్తాయి.